రంగు గీకుతున్నారా? పాప ఎక్కడుందో చూడండి!

శంషాబాద్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందుంది. నాలుగు పేజీలు. రెండు పేజీలు భర్త మీద ఫిర్యాదు, ఒక పేజీ మామగారి మీద. ఆఖరి పేజీలో మాత్రమే ఆరోగ్యం గురించి అడిగారు. చదవగా చదవగా నాకేమనిపించిందంటే, ఆ నాలుగు పేజీలూ ఒకే జబ్బుకు లక్షణాలు. ఆ జబ్బు పేరు "ఈ మాత్రం పని మనం చేసుకోలేమా?"

సంగతి ఇదీ. ఆమె భర్తకు విమానాశ్రయంలో ఉద్యోగం, తరచు రాత్రి డ్యూటీలు. ఇల్లు మామగారి కాలంలో కట్టింది. పండగ లోపల గోడలకు రంగులు వేయాలనీ, బాత్రూములో పాత బండలు తీసేసి టైల్స్ పరవాలనీ అనుకున్నారు. మేస్త్రి కూలి లెక్క చెప్పేసరికి భర్తగారు ఒక డ్రిల్లింగ్ మిషన్ కొనుక్కొచ్చి "రెండు ఆదివారాల పని" అన్నారట. ఆరు వారాలయింది. బాత్రూములో సగం టైల్స్, సగం సిమెంటు. వంటింటి సామాను హాల్లో, హాల్లో సామాను మంచాల మీద. మామగారు కుర్చీలో కూర్చుని "ఆ మూల ఇంకా గీకలేదు" అని చూపిస్తూ ఉంటారు. ఏడాదిన్నర పాప తడి రంగు మీద అయిదు వేళ్లూ అచ్చు వేస్తుంది. మామగారికి ఉబ్బసం ఎక్కువైంది. భర్త స్టూలు మీంచి పడితే మణికట్టు వాచింది. ఆమెకు మూడో నెల, తలనొప్పి, వికారం. "అందరం ఒకరి మీద ఒకరం అరుచుకుంటున్నాం. నాకు బి.పి. వచ్చిందేమోనని భయంగా ఉంది" అని రాశారు.

ఇంతవరకు చిరునవ్వుతో చదివాను. ఆఖరి వాక్యం దగ్గర ఉలిక్కిపడ్డాను. "నిన్న గడప గీకుతుంటే రాలిన పసుపు రంగు పెచ్చులు పాప నోట్లో పెట్టుకుంది. కడుపు నొప్పి ఏమీ లేదు. పరవాలేదు గదా డాక్టరుగారూ?"

అమ్మా, అన్నిటికన్నా ముందు ఈ ప్రశ్నకు జవాబు చెబుతాను. ఇది మీ ఒక్కరి ఇంటి సంగతి కాదు.

గడప మీది పసుపు

గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం మన ఆచారం. రోజూ రాసే తీరిక లేక చాలా ఇళ్లలో గడపకు పసుపు రంగు ఎనామిల్ పెయింటు వేసి, దాని మీద ఎర్ర పెయింటుతో బొట్లు పెట్టేస్తున్నారు. చూడటానికి బాగానే ఉంటుంది. కాని పసుపు వేరు, పెయింటు వేరు. పూర్వం ఎనామిల్ పెయింట్లలో పసుపు, ఎరుపు, నారింజ వంటి కాంతివంతమైన రంగులు రావడానికీ, పూత త్వరగా ఆరడానికీ సీసం కలిసిన పదార్థాలు వాడేవారు. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో తెచ్చారు. అది 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన తలుపుల, కిటికీల, గడపల రంగులో సీసం ఉందనే అనుకుని జాగ్రత్త పడటం మంచిది. పైన కొత్త పూత ఉన్నా కింద పాత పూతలు ఉంటాయి గదా! గీకితే అన్నీ కలిసి లేస్తాయి.

చెక్కకు గట్టిగా అంటుకుని ఉన్నంతకాలం ఈ సీసం పెద్దగా హాని చెయ్యదు. గీకినా, ఉప్పు కాగితంతో రుద్దినా సన్నని పొడిగా లేచి నేల మీద పరుచుకుంటుంది. మంటతో కాల్చి ఊడదీస్తే పొగతో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెద్దవాళ్లు ఆ నేల మీద నడుస్తారు. పాప మాత్రం అక్కడే కూర్చుంటుంది, పాకుతుంది, చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. పైగా, మింగిన సీసం పెద్దల ఒంట్లోకన్నా పసిపిల్లల ఒంట్లోకి నాలుగైదు రెట్లు ఎక్కువగా చేరుతుంది. అది రక్తహీనత తెస్తుంది. ఎదుగుతున్న మెదడును దెబ్బతీసి తెలివినీ, ఏకాగ్రతనూ తగ్గిస్తుంది. "ఇంతవరకు ఒంట్లో ఉంటే క్షేమం" అనదగిన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లి రక్తంలోని సీసం మాయను దాటి కడుపులో బిడ్డకు కూడా చేరుతుంది.

కడుపు నొప్పి రాలేదు గనుక పరవాలేదనుకోవద్దు. ఎక్కువ మంది పిల్లల్లో పైకి ఏ లక్షణమూ కనిపించదు. అలాగని కంగారూ పడవద్దు. ఒకనాడు నోట్లో పెట్టుకున్న పెచ్చుతో పాప భవిష్యత్తు పాడైపోదు. పిల్లల డాక్టరుకు చూపించి, రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేయించండి. మీరు గర్భవతి గనుక మీరూ చేయించుకోండి. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు గాని, అంతకు మించి గాని ఉంటే, ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పాపకు రాగి జావ, పాలు, ఆకుకూర పప్పు పెడుతూ ఉండండి. ఇనుము, కాల్షియం చాలినంత ఉన్న ఒంట్లోకి సీసం తక్కువగా ఎక్కుతుంది. ఖాళీ కడుపున ఎక్కువసేపు ఉంచకండి.

ఇక గీకే పని. పాత పూత గట్టిగా ఉంటే అసలు గీకనే వద్దు. సబ్బు నీళ్లతో తుడిచి, ఆరాక దాని మీదే కొత్త రంగు వేయండి. పెచ్చులు లేస్తున్న చోట మాత్రం నీళ్లతో తడిపి గీకాలి, పొడిగా వద్దు. కింద పాత ప్లాస్టిక్ పట్టా పరిచి, పెచ్చులన్నీ అందులోనే మూటకట్టి పారేయండి. ఆ తరువాత చీపురు పట్టకండి, పొడి మళ్లీ లేస్తుంది. సబ్బు నీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడవండి. గీకినవారు బట్టలు మార్చుకుని, స్నానం చేశాకే బిడ్డను ఎత్తుకోవాలి. గర్భిణులూ, పసిపిల్లలూ ఆ రోజు ఆ ఇంట్లో లేకపోతే మరీ మంచిది. పుట్టింటికి వెళ్లడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు!

గోడ దుమ్ము

మామగారి ఉబ్బసానికి వద్దాం. గోడ తొలిచినప్పుడు కంటికి కనిపించే దుమ్ము నేల మీద పడుతుంది. కనిపించనంత సన్నని దుమ్ము గంటల తరబడి గాలిలో తేలుతూ ఉంటుంది. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేది అదే. ఇసుకలో, గ్రానైటులో, టైల్స్‌లో సిలికా ఉంటుంది. నాలుగు రోజుల ఇంటి పనితో ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ రాదు. అది ఏళ్ల తరబడి ఆ దుమ్ములో బతికే రాతి కార్మికులకు వచ్చే జబ్బు. వంటగట్లకు వేసే కృత్రిమ క్వార్ట్జ్ పలకలు కోసే యువకులకు ఈ జబ్బు వస్తోందని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకలనే నిషేధించింది. మీ ఇంట్లో పలకలు కోయడానికి వచ్చిన కుర్రవాడికి కూడా ఒక మాస్కు ఇవ్వండి. నీళ్లు పోస్తూ, ఆరుబయట కోయమనండి.

ఉబ్బసం ఉన్నవారికి మాత్రం అరగంట దుమ్ము చాలు. ముక్కుకు జేబురుమాలు కట్టుకుంటే సరిపోదు; సన్నని దుమ్ము దాన్ని దాటిపోతుంది. ముఖానికి బిగుతుగా అమరే ఎన్-95 మాస్కు కావాలి. పెద్దాయన మాస్కు పెట్టుకుని పర్యవేక్షణ చేయడం కన్నా, ఆ పూటకు గుడి అరుగు మీదో, స్నేహితుల ఇంట్లోనో కాలక్షేపం చేయడం మేలు. రోజూ పీల్చే ఇన్‌హేలర్ ఒక్క పూట కూడా మానకూడదు. పెదవులు నీలంగా మారినా, రెండు మాటలు కలిపి మాట్లాడలేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

వెనక గదికి వేసిన సిమెంటు రేకుల మాట మరవకండి. చాలా రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. వాటికి రంధ్రాలు వేయడం, రంపంతో కోయడం ఇంట్లో వాళ్లు చేయకూడదు. పగలని రేకును కదిలించకుండా వదిలెయ్యండి.

విమానాల చప్పుడుకూ, బెంగుళూరు హైవే దుమ్ముకూ జడిసి మీ వైపు చాలా మంది కిటికీలు మూసే ఉంచుతారు. రంగులు వేసే రోజుల్లో ఆ అలవాటు పనికిరాదు. ఎదురెదురు కిటికీలు తెరవండి. మూసిన గదిలో థిన్నర్ వాసన పీలిస్తే తలనొప్పీ, తల తిరగడమూ మామూలే. మీ వికారంలో కొంత మూడో నెలది, కొంత డబ్బాది.

రాత్రి డ్యూటీ, పగలు డ్రిల్లింగ్

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. దానికి రాత్రీ లేదు, పగలూ లేదు. అందులో పనిచేసేవారికి మాత్రం రాత్రీ పగలూ ఉన్నాయి. మీవారు తెల్లవారి ఇంటికొచ్చి, టీ తాగి, స్టూలు ఎక్కుతున్నారు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి కన్నూ చెయ్యీ, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి కన్నూ చెయ్యీ పనిచేసినట్టే పనిచేస్తాయని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. తాగినవాడి చేతికి డ్రిల్లింగ్ మిషన్ ఇస్తామా? నిద్రలేని వాడి చేతికీ ఇవ్వకూడదు. డ్యూటీ దిగిన రోజు నిద్రపోవాలి. పని సెలవు రోజున, పగటి వెలుగులో, కడుపు నిండా తిన్నాక.

బల్ల మీద కుర్చీ, కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కడం మానండి. నిచ్చెనను కింద ఒకరు పట్టుకోవాలి. ఆ ఒకరు గర్భవతి కారాదు. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా, కిందా గోడలో వైర్లు ఉంటాయి. అక్కడ రంధ్రం వేయకండి. గోడ తొలిచే ముందు ఆ గది కరెంటు ఆపేసి, మిషన్‌కు వేరే గదిలోంచి తీగ లాగండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఇంట్లో లేకపోతే, రంగుల కన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది పెట్టించండి.

పడ్డప్పుడు అరచెయ్యి ఆనించిన వారికి మణికట్టులో చిన్న ఎముక విరగవచ్చు. బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే నొప్పి ఉందంటే అది బెణుకు అనుకోవద్దు. ఎక్స్‌రే తీయించండి. మొదటి ఎక్స్‌రేలో ఈ విరుగుడు కనిపించకపోవడమూ ఉంది. నొప్పి తగ్గకపోతే పది పధ్నాలుగు రోజులకు మళ్లీ తీస్తారు. జండూబాముతో నెట్టుకురాకండి.

కంట్లో సున్నం

సున్నం నీళ్లలో వేస్తే కుతకుతా ఉడకడం చూశారు గదా. కంట్లో పడితే కన్నూ అలాగే కాలుతుంది. తడి సిమెంటూ అంతే. యాసిడ్ కన్నా సున్నం కంటి లోపలికి లోతుగా పాకుతుంది. శంషాబాద్ నుంచి మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఎక్స్‌ప్రెస్ వే మీద ఎంత త్వరగా వెళ్లినా సున్నం మీకన్నా ముందు వెళుతుంది. అందుచేత ముందు నీళ్లు, తరువాత ఆటో. రెప్పలు విడదీసి పట్టుకుని, కుళాయి కింద ధారగా 30 నిమిషాలు కడగండి. రెప్ప లోపల సున్నపు రవ్వలుంటే తడి గుడ్డ కొనతో తీసేయండి. పాలు, ఆముదం, నెయ్యి వేయకండి. మంట తగ్గినా ఆసుపత్రికి వెళ్లాలి.

తడి సిమెంటులో మోకాళ్లు ఆనించి టైల్స్ పరిచేవారికి ఆ సమయంలో ఏమీ తెలియదు. సాయంత్రానికి చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. చేతులకు రబ్బరు గ్లోవ్స్, కాళ్లకు గమ్‌బూట్లు ఉండాలి. తడిసిన ప్యాంటు వెంటనే మార్చుకోవాలి.

నీళ్ల సీసాలో టర్పెంటైన్

పెయింటు కలపగా మిగిలిన టర్పెంటైన్‌ను ఖాళీ నీళ్ల సీసాలోనో, కూల్‌డ్రింకు సీసాలోనో పోసి మూలన పెడతారు. ఇంటి పనుల్లో నేను అన్నిటికన్నా భయపడేది దీనికే. దాహం వేసిన పిల్లవాడు ఒక గుక్క తాగుతాడు, పొరబోతుంది. కిరోసిన్, టర్పెంటైన్, థిన్నర్ కడుపులో చేసే హాని కన్నా ఊపిరితిత్తుల్లో చేసే హాని ఎక్కువ. అందుకే ఎట్టి పరిస్థితిలోనూ వాంతి చేయించకూడదు. ఉప్పు నీళ్లు తాగించి కక్కిస్తే, దిగేటప్పుడు తప్పించుకున్న ఊపిరితిత్తులు ఎక్కేటప్పుడు తప్పించుకోలేవు. పాలు, కొబ్బరినూనె పట్టకండి. బట్టల మీద పడితే విప్పేసి ఒళ్లు సబ్బుతో కడిగి, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. విషాల విషయంలో సలహాకు ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉంది. దాని ఉచిత ఫోను 1800 116 117. పిల్లవాడు దగ్గుతున్నా, ఆయాసపడుతున్నా ఫోను చేస్తూ కూర్చోకండి, బయలుదేరండి.

టైల్స్ మీది సిమెంటు మరకలకు యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లకండి. రెండూ కలిస్తే ప్రాణం తీసే క్లోరిన్ వాయువు పుడుతుంది.

కోపం ఎవరి మీద?

ఇక నాలుగు పేజీల్లో మూడు పేజీల సంగతి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఉన్న ఇంట్లోనే ఉంటూ దాన్ని బాగుచేసి చూడమని ఎందుకు అనలేదో! మంచం మీద సామాను ఉంటే నిద్ర ఉండదు. వంటిల్లు హాల్లో ఉంటే వేళకు భోజనం ఉండదు. బీరువా జరిపినప్పుడు మందుల డబ్బా ఎక్కడికో పోతుంది, బి.పి. మాత్ర, షుగరు మాత్ర రెండు రోజులు మానేస్తారు. నిద్ర, తిండి, మందు మూడూ తప్పిన మనిషి అరవకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి. కాబట్టి మీవారు చెడ్డవారు కారు, మామగారు చాదస్తులు కారు, మీకు ఓర్పు లేకపోలేదు. మీ ఇంట్లో ఇప్పుడు మనుషులు ఉండటానికి చోటు లేదు, అంతే.

దీనికి మందు ఒకటే. ఒక గదిని ముట్టుకోకండి. పని మొదలైన రోజు నుంచి ముగిసే రోజు దాకా అందులో గీకడం లేదు, తొలవడం లేదు, సామాను సర్దడం లేదు. అందులో పడకలు, తాగే నీళ్లు, మందుల డబ్బా, పాప పాల గిన్నె ఉండాలి. తలుపు కింద తడి గుడ్డ పెట్టాలి. మిగిలిన గదులు ఒకదాని తరువాత ఒకటి. ఒకటి పూర్తిగా కడిగి సర్దాకే రెండోదానికి చెయ్యి వెయ్యాలి. సాయంత్రం ఆరు కొట్టగానే పని ఆపాలి, "ఇంకొక్క మూల" అనకూడదు. స్టూలు మీంచి పడేది ఆ ఇంకొక్క మూల దగ్గరే. పెద్దాయనకు లెక్కల పుస్తకం ఇవ్వండి. ఏ రోజు ఏ గది అన్నది ఆయనే రాస్తారు. మూలలు చూపించే పని దానంతట అదే తగ్గిపోతుంది.

మీ బి.పి. ఎలా ఉందో ఉత్తరంలో చెప్పలేను. అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్నాక చూపించుకోండి. 140/90 గాని, అంతకు మించి గాని ఉంటే ఆలస్యం చేయకుండా ప్రసూతి డాక్టరును కలవండి.

ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: దుమ్ములో పనిచేశాక బెల్లం తింటే ఊపిరితిత్తుల్లో దుమ్ము దిగిపోతుందంటారు. నిజమేనా? (షాద్‌నగర్ పాఠకుడు)

జవాబు: బెల్లం వెళ్లేది కడుపులోకి, దుమ్ము వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి. ఇష్టమైతే ఒక ముక్క తినండి. షుగరు ఉంటే అదీ వద్దు. బెల్లం ఉంది గదా అని మాస్కు మాత్రం మానవద్దు.

ప్రశ్న: పాత తలుపు తీస్తుంటే తుప్పు మేకు కాలిలో దిగింది. మూడేళ్ల క్రితం ఇంజెక్షను తీసుకున్నాను. మళ్లీ కావాలా? (తాండూరు పాఠకురాలు)

జవాబు: చిన్నప్పటి టీకాలన్నీ పూర్తయి ఉండి, ఆఖరి ధనుర్వాతం టీకా వేయించుకుని అయిదేళ్లు దాటకపోతే సాధారణంగా మళ్లీ అక్కరలేదు. గాయాన్ని సబ్బు నీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించండి. పసుపు, సున్నం అద్దకండి.

ప్రశ్న: కొత్త రంగు వేసిన గదిలో బాలింతను ఎన్నాళ్లకు పడుకోబెట్టవచ్చు? (రాజేంద్రనగర్ పాఠకురాలు)

జవాబు: ఎనామిల్ వేస్తే వాసన పూర్తిగా పోయేదాకా ఆగండి. రెండు మూడు రోజులు కిటికీలు తెరిచి ఉంచాక, ఒక పూట మూసి తలుపు తీసి చూడండి. ముక్కుకు వాసన తగిలితే ఇంకా వేళ కాలేదన్నమాట.

శంషాబాద్ సోదరికి చివరి మాట: బాత్రూము మేస్త్రికి అప్పగించండి. గోడలు మీవారు సెలవు రోజుల్లో చేస్తారు. ఇల్లు ఈ పండక్కి కాకపోతే వచ్చే పండక్కి మెరుస్తుంది. గడపకు మాత్రం ఇకమీదట డబ్బా పసుపు వేయకండి. పసుపు కొమ్ములు దంచుకుని, తీరిక ఉన్న రోజునే రాయండి. లక్ష్మీదేవి ఏమీ అనుకోదు. పాప పరీక్ష ఫలితం రాగానే నాకు రాయండి.